సున్నా పాయింట్ పది

ఆ శుక్రవారం ఉదయం ఆకాశం ఎటూ తేల్చుకోలేకపోతోంది. తెల్లవారకముందే పడమటి నుంచి మబ్బులు వచ్చి నిజాంపేట మేడల మీద దిగబడ్డాయి గానీ ఒక్క చినుకూ రాల్చలేదు. గాలి నిలిచిపోయింది. హాస్టల్ ముందు రోడ్డు మీద తూనీగలు మోకాలెత్తున తిరుగుతున్నాయి. నరేందర్ వాటిని చూసి, సాయంత్రం దాకా పడదు, పడితే ఆఫీసులు వదిలే వేళకే పడుతుంది అనుకున్నాడు. ఆ మాట పక్కవాళ్లతో అనలేదు. గొడుగు మాత్రం సంచిలో పెట్టుకున్నాడు.

మాటలు తక్కువ మనిషి. దుబ్బాక దగ్గరి పల్లెలో పుట్టి, ఆ ఊరి సర్కారు బడిలో పదో తరగతి దాకా చదివాడు. తర్వాత ఎక్కడెక్కడో చదివి, మాదాపూర్‌లో కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో కుదిరి పదకొండు నెలలయింది. పదిహేను మంది పనిచేసే ఆ కంపెనీ ఇప్పుడు చేస్తున్న ఆట పేరు ‘తొలకరి’. ఆడేవాడు ఎకరం పొలంతో మొదలుపెట్టి, దుక్కి దున్ని, నారు పోసి, పంట తియ్యాలి. ఆట ఇంకా సగంలోనే ఉంది. అయినా కొనుక్కుని ఆడేవాళ్లు వేలల్లో ఉన్నారు. నెలకోసారి దానికి కొత్తది ఏదో ఒకటి చేర్చి, వెర్షన్ నంబరు పెంచి వాళ్లకు వదలాలి. ఆ వదిలే పని నరేందర్‌ది.

ఉమాశ్రీది బొమ్మల పని. ఆటలో కనిపించే మట్టి, మొక్క, గేదె అన్నీ ఆమె చేతిలోంచి రావలసిందే. ఇద్దరికీ పరిచయమే తగాదాతో మొదలైంది.

ఆరు నెలల కిందట, ఆమె చేరిన రెండో రోజు, తెర మీద ఆమె వేసిన వరిచేను చూస్తూ నరేందర్ చాలాసేపు వెనకాల నిలబడ్డాడు.

“ఏమైనా చెప్పాలా అండి?” అంది ఆమె.

“మేడం, మీరు వరి ఎప్పుడన్న చూసిండ్రా?”

ఆమె కుర్చీ వెనక్కి తిప్పింది. “మాది కాకినాడండి. గోదావరి జిల్లా అమ్మాయిని పట్టుకుని వరి చూశావా అని అడిగిన మొదటి మనిషి మీరే.”

“చూసిండ్రు గని దగ్గరికి పోయి చూడలే. పొట్ట మీదున్న వరికి ఆకు గిట్ల ఒరగదు. కంకి బరువైనంకనే ఒరుగుతది. మీ వరి ఈనకముందే ముసలిదైంది.”

పక్క కుర్చీలో ప్రోగ్రాములు రాసే సాయిచంద్ కిసుక్కున నవ్వాడు. ఉమాశ్రీ ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. మర్నాడు ఆకులన్నీ నిటారుగా లేపి, ల్యాప్‌టాప్ మోసుకొచ్చి నరేందర్ బల్ల మీద పెట్టింది.

“ఇప్పుడు దీని వయసెంతండి?”

“యాభై దినాలు.”

“హమ్మయ్య. పెళ్లీడుకైనా రానిచ్చారు.”

అప్పటి నుంచి ఏ మొక్క గీసినా అతని దగ్గరికి తెచ్చి వయసు అడగడం ఆమెకు అలవాటైంది. చెప్పుల చప్పుడును బట్టి వచ్చేది ఆమేనని తెలుసుకోవడం అతనికి అలవాటైంది.

ఈ నెల వదలబోయేది వాన. ఉమాశ్రీ నాలుగు నెలలు కూర్చుని చేసిన వాన. చినుకు పడ్డచోట మట్టి రంగు మారుతుంది. గేదె చెవులు విదిలిస్తుంది. గట్టు మీద కప్ప ఒకసారి చూసి నీళ్లలోకి దూకుతుంది. ఆఫీసులో దాన్ని నంబరుతో ఎవరూ పిలవలేదు, అందరూ ‘వాన వెర్షన్’ అనే అన్నారు. బెంగళూరులో ఒకాయన ఆటలు ఆడుతూ ఇంటర్నెట్‌లో లక్షమందికి చూపిస్తుంటాడు. ఆయన శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఈ వానను ఆడి చూపిస్తానని వారం ముందే చాటాడు.

ఉమాశ్రీకి ఆ రోజు ఇంకో రకంగానూ ముఖ్యం. ఆమెది ఆరు నెలల కాంట్రాక్టు, సోమవారంతో తీరిపోతుంది. వాన వెర్షన్ బాగా నడిస్తే పర్మనెంట్ చేస్తానని కంపెనీ పెట్టిన యశ్వంత్ మాటిచ్చాడు.

నరేందర్ పావు తక్కువ తొమ్మిదికి ఆఫీసు చేరేసరికి ఆమె అప్పటికే కిటికీ దగ్గర నిలబడి మబ్బులు చూస్తోంది.

“పందెం వేస్తారా నరేందర్ గారూ?”

“ఏం పందెం?”

“బయట వాన ముందా, నా వాన ముందా.”

“మీదే ముందు.”

“ఆకాశం వైపు చూడనైనా లేదు మీరు.”

“పొద్దుగాల్నే చూసిన. సాయంత్రం దాక పడదు.”

“ముందే చూసొచ్చి పందెం ఆడతారా. దొంగాట అది.” ఆమె బ్యాగు భుజానికి తగిలించుకుంది. “తొమ్మిది దాకా ఆగడం ఎందుకండి, ఇప్పుడే వదిలెయ్యండి. కింద అల్లం టీ తాగుదాం. నేనే ఇప్పిస్తాను.”

ఆమె అతన్ని టీకి పిలవడం అదే మొదలు.

వదిలే పనికి ఒక పద్ధతుంది. తయారైన వెర్షన్లన్నీ సర్వర్‌లో ఒకచోట ఉంటాయి. చోటు చాలదు గనక కొత్తవి మూడు ఉంచి పాతవి తుడిచెయ్యాలి. మిగిలినవాటిలో అన్నిటికన్నా కొత్తదాన్ని వదలాలి. వదిలాక ఆట తెరిచి ఒకసారి ఆడి చూడాలి.

తెర మీద నాలుగు కనిపించాయి. పైన 0.10. దాని కింద వరసగా 0.7, 0.8, 0.9.

పైనున్న 0.10 ఎక్కడిదా అని నరేందర్ నొసలు ముడిచాడు. 0.10 అంటే 0.1. చుక్క తర్వాత చివర వచ్చే సున్నాకు విలువ లేదని ఏడో తరగతిలో వెంకటరమణ సారు బెత్తం పట్టుకుని నేర్పిన లెక్క. ఎప్పటిదో మొట్టమొదటి వెర్షన్, తుడవడం మరిచిపోయినట్టున్నాను అనుకున్నాడు. కిందటి నెల నాట్లకని వారం సెలవు పెట్టి ఊరికెళ్లాడు. ఆ వారం తన బదులు సాయిచంద్ ఒక వెర్షన్ వదిలాడు. అంతకుముందు తను వదిలిన నంబరు గుర్తు రాలేదు. సాయిచంద్ వదిలింది 0.8 అయి ఉంటుంది, వాన 0.9 అయి ఉంటుంది.

వెర్షన్ నంబర్లలో ఉండే చుక్క లెక్కల పుస్తకంలోని చుక్క కాదనీ, అక్కడ తొమ్మిది తర్వాత పది వస్తుందనీ, 0.9 కన్నా 0.10 కొత్తదనీ అతనికి ఎవరూ చెప్పలేదు. అతనూ అడగలేదు. ఊరి బడి నుంచి వచ్చినవాడు, వీడికేం తెలుసు అని ఎక్కడ అనుకుంటారోనని, ఈ పదకొండు నెలల్లో ఏది నేర్చుకున్నా పక్కవాళ్లను చూసి నేర్చుకున్నదే.

0.10ను తుడిచేశాడు. 0.9ను వదిలాడు.

తేదీ చూసినా తెలిసిపోయేది. ఆట తెరిచి ఒక్క నిమిషం ఆడినా తెలిసిపోయేది. కానీ ఆమె తలుపు దగ్గర నిలబడి ఉంది.

“పోయిందా?”

“పోయింది.”

టీ బండి దగ్గర ఆమె గ్లాసును రెండు చేతులా పట్టుకుని ఊదుకుంటూ తాగింది. రోడ్డంతా హారన్లు. అయినా ఆమె ఊదే చప్పుడు అతనికి వినిపించింది.

“మీ ఊళ్లో నాట్లు ఎన్నాళ్లు పడతాయండి?”

“మాకు రెండు దినాలు.”

“మీరూ బురదలో దిగుతారా?”

“నారు అందిస్త.”

“వచ్చే ఏడు నేనూ వస్తాను. అప్పుడు ఇంకెవరూ నన్ను వరి చూశావా అని అడగరు.”

అతను గ్లాసులోదంతా ఒక్క గుక్కలో తాగేశాడు.

“కాలిందా?”

“లే.”

“కళ్లలో నీళ్లొచ్చాయి మరి.”

“అల్లం.”

ఆమె నవ్వింది. ఆ నవ్వు ఇంకా ఉండగానే ఫోన్ మోగింది. సాయిచంద్.

“ఉమా, వాన ఏది? ఆ బెంగళూరాయన పది నిమిషాల సంది ఆకాశం దిక్కు చూసుకుంట కూసున్నడు. కింద జనం ఏమేం రాస్తుండ్రో చూస్తవా? వాన అంటిరి, మబ్బు కూడ లేదంటుండ్రు. దీనికి కరువు వెర్షన్ అని పేరు పెట్టుండ్రి అంటుండ్రు. జల్ది పైకి రా.”

పదకొండింటికి యశ్వంత్ అందర్నీ మీటింగ్ గదిలో కూర్చోబెట్టాడు. ప్రొద్దుటూరు మనిషి. కోపం వచ్చినప్పుడు గొంతు పెంచడు, తగ్గిస్తాడు.

“సర్వర్‌లో జీరో పాయింట్ టెన్ లేనే లేదు కదప్పా,” అన్నాడు. “పోయిన నెల వదిలిన నైన్ ఉంది. టెన్ లేదు. పోయిన నెల ఆటనే మళ్లీ జనం మొహాన కొట్టినాం. ఏమైంది?”

టెన్ అన్న మాట నరేందర్ చెవిన పడడం అదే మొదటిసారి. తొమ్మిది తర్వాత పది. ఒక్క క్షణంలో పొద్దున తెర మీద కనిపించిన నాలుగు వరసలూ అతని కళ్ల ముందు మళ్లీ నిలబడ్డాయి. పైనున్నది, తను తుడిచేసింది, నాలుగు నెలల వాన.

“రాత్రి ఏడింటికి అందరి ఫైళ్లు కలిపి మిషన్ దానంతటదే వెర్షన్ తయారు చేస్తది సార్,” అన్నాడు సాయిచంద్. “ఒక్క ఫైలు తక్కువున్నా ఆగిపోతది.”

“చివర వచ్చిన ఫైళ్లు ఎవరివి?”

“నావండి,” అంది ఉమాశ్రీ. “ఆరింటికి ముందే పెట్టాను.”

“అన్నీ పెట్టినావా?”

“పెట్టాననే అనుకుంటున్నానండి.”

“అనుకునేది వద్దు తల్లీ. పెట్టినావా, లేదా?”

ఆమె నోట్‌బుక్ తెరిచి పేజీలు తిప్పసాగింది. కావలసిన పేజీ దాటిపోయి మళ్లీ వెనక్కి తిప్పింది. యశ్వంత్ నరేందర్ వైపు తిరిగాడు.

“నరేందరూ, పొద్దున నువ్వు చూసినప్పుడు టెన్ ఉండిందా?”

గదిలో అందరూ అతని వైపు చూశారు. ఉమాశ్రీ కూడా చూసింది. అందరి చూపులూ ఒక ఎత్తు, ఆ చూపు ఒక ఎత్తు. ఉందని చెప్తాడేమో, తన పని తను చేసినట్టు తేలుతుందేమో అన్న ఆశ అందులో ఉంది.

“కనబడలే సార్,” అన్నాడు నరేందర్.

ఉమాశ్రీ చూపు అతని మీంచి దిగి నోట్‌బుక్‌లోకి పోయింది.

“అయితే నాదే తప్పయి ఉంటుందండి,” అంది. “ఏది మర్చిపోయానో చూసి మళ్లీ పెడతాను. సారీ అండి అందరికీ.”

“సరే చూడు. సోమవారం కాగితం సంగతి తర్వాత మాట్లాడుకుందాం,” అన్నాడు యశ్వంత్.

ఆమె మధ్యాహ్నం దాకా ఒక్కో ఫైలూ తెరిచి, లేని తప్పు వెతుక్కుంది. దొరక్కపోయేసరికి అన్నీ మళ్లీ మొదటి నుంచి పెట్టింది. మూడింటికి మిషన్ కొత్తగా 0.10 తయారు చేసింది, సాయిచంద్ వదిలాడు. నాలుగింటికి ఆఫీసులో తెరలన్నిటి మీదా వాన పడింది. మట్టి రంగు మారింది. కప్ప దూకింది. చప్పట్లు కొట్టే ఉత్సాహం ఎవరికీ మిగల్లేదు.

నరేందర్ మంచినీళ్లకని లేచినప్పుడు వరండాలోంచి ఆమె గొంతు వినిపించింది.

“అవును నాన్నగారూ, నా వల్లే. లేదు, తిట్టలేదు. కాంట్రాక్టు ఇస్తారో లేదో తెలీదు. లేదు నాన్నగారూ, ఏడవట్లేదు.”

సీసా నింపకుండానే వెనక్కి వచ్చేశాడు. అబద్ధం ఆడినందుకన్నా, అది అంత తేలిగ్గా నోట్లోంచి జారినందుకు అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు. మామూలు మాటకే వెతుక్కునే మనిషికి ఆ మాట ఎలా సిద్ధంగా దొరికింది?

ఆఫీసులు వదిలే వేళకు వాన అందుకుంది. తను ఎప్పుడు పడుతుందనుకున్నాడో అప్పుడే పడింది. సంతోషించే స్థితిలో లేడు.

ఉమాశ్రీ ఇల్లు చందానగర్. రోజూ హైటెక్ సిటీ స్టేషన్‌లో లోకల్ రైలెక్కుతుంది. నరేందర్ దారి అది కాదు. అయినా ఆమె వెనకే, నూరడుగుల దూరంలో, గొడుగు తెరవాలన్న ధ్యాస కూడా లేకుండా నడుచుకుంటూ ప్లాట్‌ఫాం మీదకు వచ్చాడు. రేకుల కప్పు మీద వాన దబదబా మోగుతోంది.

“మీకు ఇటు కాదు కదండి,” అంది ఆమె.

“కాదు.”

“మరి?”

“మీ ఫైళ్లు అన్నీ ఉన్నయి. మిషన్ రాత్రే తయారు చేసింది. టెన్ పొద్దుగాల ఉండె. నేనే తుడిచేసిన.”

“ఏంటండీ? వినపడట్లేదు.”

సిగ్గుపడే మాట ఒకసారి చెప్పడానికే అతను దారంతా ధైర్యం కూడదీసుకున్నాడు. ఇప్పుడదే మాట గట్టిగా, రెండోసారి చెప్పాలి.

“టెన్ నేనే తుడిచేసిన. మీ తప్పు లేదు.”

పక్కనున్న ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు తిరిగి చూశారు. ఉమాశ్రీ కదల్లేదు.

“ఎందుకు తుడిచారు?”

“సున్నా పాయింట్ పది అంటే సున్నా పాయింట్ ఒకటి అనుకున్న. పాతది అనుకున్న.”

ఆమె పెదవి ఒక పక్కకు కదిలింది. నవ్వు రాబోయి ఆగిపోయింది.

“అది తప్పు కాదండి, పొరపాటు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. మీటింగ్‌లో కనపడలేదన్నారే, అది తెలియక అన్నారా, తెలిశాక అన్నారా?”

“తెలిసినంకనే.”

ఆమె కాసేపు పట్టాల వైపు చూసింది.

“ఎందుకండీ?”

ఆమె తొందర పెట్టలేదు. లింగంపల్లి రైలు వస్తోందని మైకు రెండు భాషల్లో చెప్పి, మూడో భాషలో కూడా చెప్పింది.

“ఆ గదిల మీరు లేకుంటే చెప్తుంటి,” అన్నాడు చివరికి. “యశ్వంత్ సార్ ఏమనుకున్నా, సాయిచంద్ ఏమనుకున్నా నాకు ఫికర్ లేదు. మీరు చూస్తుండ్రి. మీ ముంగట చిన్నగైత అనిపించింది.”

“నా ముందు మీరు చిన్నవాళ్లు కాకూడదని, అందరి ముందూ నన్ను చిన్నదాన్ని చేశారు.”

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండును అనిపించింది అతనికి.

“తప్పైంది,” అన్నాడు.

“ఇక్కడ నాకొక్కదానికే చెప్తే ఏం లాభమండి? నేను తల దించుకున్నది ఈ ప్లాట్‌ఫాం మీద కాదు. ఆ గదిలో ఒకసారి దించుకున్నాను. మా నాన్నగారి దగ్గర ఒకసారి.”

రైలు వచ్చి ఆగింది. అతను సంచిలోంచి గొడుగు తీసి చాపాడు.

“వద్దండి,” అంది ఆమె ఆడవాళ్ల పెట్టె వైపు నడుస్తూ. “నాలుగు నెలలుగా వానలోనే ఉన్నాను. కొత్తేం కాదు.”

శనాదివారాలు నరేందర్ గదిలోంచి కదల్లేదు. సోమవారం చెప్పాల్సింది కాగితం మీద రాసుకున్నాడు. రాసిందాంట్లో తనను కాపాడుకునే మాట ఎక్కడో ఒకచోట దూరుతూనే ఉంది. ‘ఎవరూ చెప్పలేదు’ అని ఒకచోట, ‘తొందరలో’ అని ఒకచోట. అవన్నీ కొట్టేస్తే మూడు ముక్కలు మిగిలాయి. జ్వరమని సెలవు పెట్టి ఊరికి పోదామనీ అనుకున్నాడు. ఆమె కాంట్రాక్టు తీరేది ఆ సోమవారమే.

సోమవారం పదింటికి మీటింగ్ గదిలో అందరూ కూర్చున్నాక, ఎవరూ అడగకుండానే లేచి నిలబడ్డాడు. పదకొండు నెలల్లో అలా లేవడం ఇదే.

“సార్, శుక్రవారం పొద్దుగాల టెన్ ఉండె. పాతది అనుకొని నేను తుడిచేసిన. మీరు అడిగినప్పుడు నాకు సంగతి తెలుసు. తెలిసి కూడ కనబడలేదని అబద్ధం ఆడిన. ఉమాశ్రీ గారి తప్పు ఏం లేదు.”

యశ్వంత్ చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టాడు.

“మూడు దినాలు ఎట్లుండగలిగినావప్పా?”

“ఉండలేకపోయిన సార్.”

సాయిచంద్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “సార్, నేను గూడ ఫస్ట్‌ల పరేషాన్ అయిన. తొమ్మిది అయిపోయింది, ఇగ వన్ పాయింట్ జీరోనే, ఆట చేసుడు ఖతం, ఇంటికి పోవచ్చని ఖుషీ అయిన.”

ఇద్దరు ముగ్గురు నవ్వారు. యశ్వంత్ కూడా కొంచెం నవ్వాడు. “మళ్లీ నీకి ఎప్పుడు తెలిసింది?”

“మిమ్మల్నే అడిగిన కద సార్.”

అతను ఎత్తిపొడవడానికి అనలేదు. అయినా ఆ మాట నరేందర్‌కు సూటిగా వచ్చి తగిలింది. అడిగితే పోయేదానికి, అడగని పాపానికి, ఇంత దూరం వచ్చింది.

“వదిలే పని మూడు నెలలు సాయిచంద్ చూసుకుంటాడు,” అన్నాడు యశ్వంత్. “నువ్వు టెస్టింగ్‌లో కూర్చో. ప్రతి వెర్షనూ మొదట్నుంచి చివరిదాకా నువ్వే ఆడి చూడల్ల.” తర్వాత ఉమాశ్రీ వైపు తిరిగాడు. “తల్లీ, అంతమందిలో నేను అట్ల అడిగింది తప్పు. మధ్యాహ్నం వచ్చి కాగితం మీద సంతకం పెట్టు.”

“సరేనండి,” అంది ఆమె. నరేందర్ వైపు చూడలేదు.

ఆ వారమంతా చూడలేదు. ఏ మొక్కా అతని బల్ల దగ్గరికి రాలేదు. చెప్పుల చప్పుడు వచ్చేది, బల్ల దాటి పోయేది. అతను రోజుకు ఎనిమిది గంటలు తెర ముందు కూర్చుని ఆమె చేసిన వానలో తిరిగాడు. ఆ పొలాన్ని అంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు. వాన వెలిశాక గడ్డి కొస మీద ఒక చుక్క నిలిచి, గేదె నడిస్తే రాలుతుంది. ఎవరూ చూడరని తెలిసి కూడా ఆమె దాన్ని పెట్టింది. తప్పుల జాబితాలో ఆ వారం అతను రాసింది రెండే. చివర, ఎవరూ అడగకపోయినా, ‘వాన బాగుంది’ అని రాశాడు. రాసి, టెస్టింగ్‌లో అలాంటివి రాయొచ్చా అని సాయిచంద్‌ను అడిగాడు.

“రాయొద్దని ఎక్కడుందిరా భాయ్,” అన్నాడు సాయిచంద్. “ఆమెకు చెప్పాల్సింది జాబితాల రాసుకుంటున్నవు, గంతే.”

శుక్రవారం సాయంత్రం చెప్పుల చప్పుడు వచ్చి అతని బల్ల దగ్గర ఆగింది. ఆమె చేతిలో బొమ్మ ఏమీ లేదు.

“ఆదివారం ఖాళీయేనా అండి?”

“ఖాళీనే.”

“పన్నెండింటికి మా ఇంటికి రండి. అడ్రస్ పంపుతాను. కాంట్రాక్టు వచ్చిందని నాన్నగారికి చెప్పాను. తప్పు నాది కాదని మాత్రం చెప్పలేదు.”

“ఎందుకు చెప్పలే?”

“ఆ మాట మీరు చెప్పాల్సింది కదా.”

చందానగర్ మార్కెట్ వెనక సందులో, రెండో అంతస్తులో ఇల్లు. నరేందర్ పన్నెండుకు పది నిమిషాల ముందే వచ్చి, పన్నెండయ్యేదాకా కింద నిలబడి, పైకెక్కాడు. ఉమాశ్రీ తలుపు తీసింది. ఆమె తండ్రి నరసింహమూర్తి కాకినాడలో విద్యుత్ శాఖలో ముప్ఫై నాలుగేళ్లు చేసి, రిటైరయ్యాక కూతురి ఉద్యోగం కోసం ఇక్కడికి మారినాయన. పేపరు చదువుకుంటున్నాడు.

“కూర్చో బాబూ. ఏదో మాట్లాడాలన్నావటగా.”

నరేందర్ కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. పెద్దాయన కళ్లజోడు సవరించుకుంటూ విన్నాడు.

“ఆగాగు. తొమ్మిది తర్వాత పది కాదా?”

“పదేనండి.”

“మరి?”

“ముంగట చుక్క ఉంటదండి.”

“చుక్కుంటే ఏంటి? మా ఆఫీసు ఫైళ్లకి చుక్కలూ గీతలూ బోలెడు. ఉన్నన్నాళ్లూ తొమ్మిది తర్వాత పదే వచ్చింది.”

అంత తేలిక సంగతి తనకెలా తప్పిందో నరేందర్ పేపరు అంచు మీద పెన్నుతో రాసి చూపించవలసి వచ్చింది. 0.10, 0.1. పెద్దాయన ఆ రెంటినీ చాలాసేపు చూశాడు. అర్థమైనట్టు తలాడించాడు గానీ అర్థమైనట్టు లేదు.

వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న పుణ్యవతి, ఉమాశ్రీ తల్లి, అప్పుడు నోరు విప్పింది. “పోనీ లెక్క తప్పిందే అనుకో నాయనా. పంపించాక ఒకసారి తెరిచి చూసుకోవచ్చుగా?”

“చూడాలండి. అది రూలు.”

“మరెందుకు చూడలేదు?”

నరేందర్ నేల వైపు చూశాడు. “టీకి పిలిచిండ్రండి.”

“ఎవరు?”

అతను చెప్పలేదు. గోడకానుకుని నిలబడ్డ ఉమాశ్రీ చున్నీ అంచు సరిచేసుకుంది.

“నేనేనమ్మా,” అంది.

పుణ్యవతి కూతుర్ని చూసింది, అతన్ని చూసింది, భర్తను చూసింది. నరసింహమూర్తి పేపరు మడిచి పక్కన పెట్టాడు.

“సరే, అక్కడిదాకా పొరపాటు. తెలిశాక కూడా చెప్పకపోవడం?”

“అది పొరపాటు కాదండి. తప్పు.”

“ఉద్యోగం పోతుందని భయమా?”

“భయం కాదండి. సిగ్గు.”

“ఎవరి దగ్గర?”

నరేందర్ తలెత్తి ఒక్కసారి ఉమాశ్రీ వైపు చూసి మళ్లీ దించేసుకున్నాడు. ఆమె చెవుల దాకా ఎర్రబడింది. ఆ ప్రశ్నకు అంతకన్నా జవాబు అక్కర్లేకపోయింది.

పెద్దాయన కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు.

“ఆ రోజు మా అమ్మాయి ఇంటికొచ్చి అన్నం తినలేదు బాబూ.”

ఈ మాటకు ఏం చెప్పాలో నరేందర్ రాసుకున్న ఏ కాగితంలోనూ లేదు. ఆఫీసులో అందరి ముందూ నిలబడ్డప్పుడు కూడా అతనికి ఇంత బరువు అనిపించలేదు. అలాగే నిలబడ్డాడు. కింద సందులో ఎవరో స్కూటర్ స్టార్టు చేయడానికి మూడుసార్లు తన్ని, నాలుగోసారికి చేసుకుని పోయారు.

నరసింహమూర్తి లేచాడు.

“చెయ్యి కడుక్కో,” అన్నాడు. “పుణ్యవతీ, కంచాలు పెట్టు.”

నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. ముద్దపప్పు, ఆవకాయ, గుత్తివంకాయ, ముక్కల పులుసు, చారు, పెరుగు. నరేందర్ ఇంట్లో ఒక కూర, దాని వెనక చారు, అంతే. ఇక్కడ ఏది ముందో, దేంట్లో ఏది కలుపుకోవాలో అతనికి తెలియలేదు. చెయ్యి కంచం మీద ఆగింది. ఎదురుగా ఉన్న ఉమాశ్రీ కంచం వైపు చూశాడు. ఆమె పప్పులో ఆవకాయ కలుపుకుంది. అతనూ కలుపుకున్నాడు.

రెండో ముద్దకు ఆమె గమనించింది. పప్పన్నం అయ్యాక వంకాయ గిన్నె మీద చెయ్యి వేసి, అతని కంచం ఖాళీ అయ్యేదాకా ఆగి, అప్పుడు వడ్డించుకుని గిన్నె అతని వైపు జరిపింది. పులుసు దగ్గరా అలాగే ఆగింది. చారు దగ్గరా ఆగింది. నరసింహమూర్తి ఒకసారి తలెత్తి కూతురి ఆగిన చేతిని చూసి, మళ్లీ తన కంచంలోకి చూసుకున్నాడు. పుణ్యవతి అడక్కుండానే అతని కంచంలో ఇంకో గరిటె అన్నం పెట్టింది.

పెరుగు దగ్గరికి వచ్చేసరికి ఎవరి కోసం ఎవరూ ఆగవలసిన పని లేకపోయింది. నలుగురూ తలలు వంచుకుని ఆఖరి మెతుకు దాకా తిన్నారు.